ఆంప్ ఆపినా ఆగని హమ్మింగ్

బేస్ గిటార్ వాయించేవాళ్ళను, సరిగ్గా వాయించినంతసేపూ ఎవరూ వినరు. పెళ్ళి స్టేజీ మీద పాడే అమ్మాయిని చూస్తారు, కీబోర్డు అతన్ని చూస్తారు, లీడ్ గిటార్ కుర్రాడు జుట్టు ఎగరేస్తే ఈలలు వేస్తారు. నాలుగు లావు తీగలు మెడకు తగిలించుకుని డ్రమ్ముల పక్కన నిలబడ్డవాడు పందిరి గుంజ కింద లెక్క. అందుకేనేమో, మాలాంటివాళ్ళం ఒకచోట చేరితే చాలా మాట్లాడతాం.

మేం చేరిన చోటు ఫోనులో ఉన్న ఒక గ్రూపు. రెండు రాష్ట్రాల్లో పెళ్ళిళ్ళకు, చర్చిలకు, గణేశ్ మండపాలకు బేస్ వాయించేవాళ్ళు ఒకరి వెంట ఒకరు అందులో చేరారు. సగం మందిని నేనెప్పుడూ ఎదురుగా చూడలేదు. అయినా ఎవరి ఆంప్, అదే గిటార్ సౌండు పెట్టె, ఏ మూల చిరిగిందో, ఎవరి గిటార్ మెడ వానాకాలంలో ఎంత వంగుతుందో నాకు తెలుసు.

నాది బాన్సువాడలో మోటార్ వైండింగ్ దుకాణం. నాట్ల కాలంలో నస్రుల్లాబాద్, బీర్కూర్ వైపు నుంచి కాలిపోయిన బోరు మోటార్లు ఆటోల్లో వచ్చి నా గుమ్మం ముందు దిగుతాయి. పాత రాగి తీగ పీకి కొత్తది చుడతాను. నిజామాబాదులో పాలిటెక్నిక్ చదివేటప్పుడు ఒక ఆర్కెస్ట్రాలో బేస్ పట్టుకున్నాను. ఆ చదువు అన్నం పెడుతోంది, ఈ అలవాటు పోలేదు. తీగ చుట్టే పని తెలిసినవాణ్ణి కాబట్టి గ్రూపులో నన్ను ఇంజినీరు అనేవాళ్ళు. ఎవరి ఆంప్ గురగురమన్నా, ఎవరి జాక్ కర్రుమన్నా నన్నే అడిగేవాళ్ళు. ఆ పిలుపు నాకు ఎంత ఇష్టంగా ఉండేదో ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

మా మాటలు ఎలా ఉండేవో చెప్తాను. హైదరాబాదులో ఉద్యోగం చేసే ఒక తమ్ముడు ఐదు తీగల బేస్ కొని ఫోటో పెట్టాడు. మేం బిచ్కుంద అన్న అని పిలిచే పెద్దాయన వెంటనే అందుకున్నాడు.

"ఉన్న నాలుగిట్ల రెండు ఖాళీగ ఉంటయ్ నీకు. ఐదోది ఎందుకు తమ్మీ, బట్టలు ఆరేస్తందుకా?"

గుంటూరు వైపు చర్చిలో వాయించే ఒకాయన కలిపాడు. "నేనైతే పదేళ్ళ నుంచీ ఒకటిన్నర తీగతో నెట్టుకొస్తున్నానండీ. మిగతావి ప్రభువుకి కానుక."

పాత తీగలను వేడినీళ్ళలో మరిగిస్తే మళ్ళీ కొత్తవాటిలా మోగుతాయని మా నమ్మకం. చెమట, జిడ్డు, దుమ్ము వదిలిపోతాయి. నాలుగు రోజులకే మళ్ళీ మూగబోతాయి, అది వేరే సంగతి. ఒకసారి హైదరాబాదు తమ్ముడు ఎంతసేపు మరిగించాలని అడిగితే గుంటూరాయన "మూడు విజిళ్ళండీ, తర్వాత పోపు పెట్టుకోవడమే" అన్నాడు. వాడు నిజమనుకుని కుక్కరులో పెట్టాడు. తరువాత వాళ్ళమ్మ తిట్టిన తిట్లు రికార్డు చేసి మాకు పంపాడు. దాన్ని మేం ఎన్నిసార్లు విన్నామో.

అన్నిటికంటే పెద్ద వేళాకోళం ఇంకొకటి ఉండేది. ఎవరు తాము వాయించింది రికార్డు చేసి గ్రూపులో పెట్టినా, మొదటి జవాబు "ఇనపడ్తలే" అని రావాలి. వినకముందే రావాలి. బేస్ ఎవరికీ వినపడదు కదా, మనమే అనేసుకుంటే సరిపోతుందని. ఒకరి తర్వాత ఒకరు అందరూ అదే మాట పెట్టేవాళ్ళు. కొత్తగా చేరినవాళ్ళు కంగారుపడి సౌండు పెంచి మళ్ళీ రికార్డు చేసి పంపేవాళ్ళు. మళ్ళీ అదే మాట. వాళ్ళ ఓపిక అయిపోయాక నవ్వుకుని గ్రూపులోకి స్వాగతం చెప్పేవాళ్ళం. ఈ ఆచారం మొదలుపెట్టింది నేనే.

బిచ్కుంద అన్న గురించి చెప్పాలి. బిచ్కుంద దాటాక ఉండే ఒక తండా ఆయనది. వరి, కొంత చెరకు. వయసులో నాకంటే చాలా పెద్ద. పెళ్ళిళ్ళ కాలం వస్తే సరిహద్దు అవతల దెగ్లూరు దాకా పోయే ఒక ఆర్కెస్ట్రాలో బేస్ వాయించేవాడు. తెలుగు పాటలు, మరాఠీ పాటలు, తండా పెళ్ళిళ్ళలో వాళ్ళ భాష పాటలు, అన్నీ ఆయనకు వచ్చు. చదివి నేర్చుకున్నది ఏమీ లేదు. పాట రెండుసార్లు వింటే కింది స్వరం ఎక్కడుందో వేలు వెళ్ళి అక్కడ కూర్చునేది. ఆయన సంగీతమంతా చెవిలోనే ఉంది. ఒక పాత జపాన్ బేస్‌ను పసిపిల్లలా చూసుకునేవాడు. రెండుమూడుసార్లు నా దుకాణానికి వచ్చాడు. వచ్చినప్పుడల్లా ఏదో ఒక మోటారు మీద చెయ్యి పెట్టి, "గీనిది గొంతు మంచిగున్నది తమ్మీ" అనేవాడు.

ఒక పెళ్ళి నుంచి తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్నే ఆయన గ్రూపులో ఒక రికార్డు పెట్టాడు. కింద రాశాడు.

"అన్నిట్ల లావు తీగ ఇనపడ్తలే నాకు. లేచిన కాడి నుంచి గిట్లనే ఉన్నది. మీకు ఇనపడ్తుందా?"

నేను దుకాణం షట్టరు ఎత్తుతున్నాను. ఒక చేత్తోనే కొట్టాను. "ఇనపడ్తలే."

నా వెనకే గుంటూరు నుంచి, హైదరాబాదు నుంచి, కరీంనగర్ నుంచి వరుసగా అదే మాట.

"మజాక్ కాదు తమ్మీ. నిజంగ చెప్పు."

"నిజంగనే ఇనపడ్తలే అన్నా. జర చీమలను అడుగు, వాటికి ఇనపడ్తదేమో."

ఆయన నవ్వే బొమ్మ పెట్టాడు. నేను ఫోను జేబులో వేసుకున్నాను. ఆ రికార్డు నేను తెరవనే లేదు. మిగతావాళ్ళు తెరిచారో లేదో ఇవాళ్టికీ అడగలేదు. అడిగితే నేను తెరవలేదని చెప్పాల్సి వస్తుంది.

మాది ఆచారమని ఆయనకు తెలియదా అంటే, బాగా తెలుసు. అందరికంటే ఎక్కువసార్లు ఆ మాట వాడింది ఆయనే. కానీ తన చెవి చెప్తున్నదీ, పదిమంది చెప్తున్నదీ ఒకటే అయినప్పుడు మనిషి ఎటు నమ్ముతాడు? వేళాకోళంలో కూడా కొంత నిజం ఉంటుందనే కదా అనుకుంటాడు. అలా అనుకుని, లోపం గిటార్లో ఉందని తేల్చుకున్నాడు.

ఆ తరువాత రోజులు గ్రూపులో జాతరే. మాకు ఒక జబ్బుపడ్డ బేస్ దొరికింది. తలా ఒక వైద్యం చెప్పాం. తీగలు మరిగించమన్నాం, మరిగించాడు. బేస్ లోపల చిన్న బ్యాటరీ ఉంటుంది, మార్చమన్నాం, మార్చాడు. తీగల ఎత్తు తగ్గించమన్నాం, తగ్గించాడు. కొత్త తీగల కోసం నిజామాబాదు పోయొచ్చాడు. నిజామాబాదులో, ఆయన దిగిన బస్టాండు నుంచి ఆటోలో పోయేంత దూరంలోనే చెవి డాక్టర్లు ఉన్నారు. ఆయన తీగలు కొనుక్కుని తిరుగు బస్సెక్కాడు.

"పై తీగలు గంట గొట్టినట్టు మోగుతున్నయ్ తమ్మీ. గీ లావుదే దూరంగ, ఎవలో పక్కింట్ల వాయించినట్టున్నది."

"అయితే పికప్ పోయిందన్నా" అన్నాను నేను. "తీసి పంపించు. నేను చూస్త."

పికప్ అంటే తీగల కింద ఉండే అయస్కాంతం. దాని చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ వేల చుట్లు ఉంటుంది. తీగ కదలికను అదే కరెంటుగా మార్చి ఆంప్‌కు పంపుతుంది. అన్న దాన్ని ఊడదీసి, పాత బనీను గుడ్డలో చుట్టి, బిచ్కుంద నుంచి వచ్చే బస్సు కండక్టరుకు ఇచ్చి పంపాడు. నేను బస్టాండుకు పోయి తెచ్చుకున్నాను. మీటరు పెట్టి చూశాను.

అది బాగానే ఉంది. ఎక్కడా తెగలేదు, ఎక్కడా తగ్గలేదు. మళ్ళీ చూశాను, అంతే ఉంది.

ఇక్కడ మా పనిలోని ఒక పద్ధతి చెప్పాలి. నాకు పని నేర్పిన ఉస్తాద్ మొదటి నెలలోనే చెప్పాడు. "మోటరు మంచిగనే ఉన్నదని ఎన్నడు చెప్పకు బేటా. రైతు అంత దూరం మోసుకొస్తడు. ఏం లేదు తీస్కపో అంటే నీకు పని రాదనుకుంటడు. పక్క దుకాణపోడు రెండు వైర్లు పీకి చూపెడ్తడు, వాడు మొనగాడైతడు. ఏదన్న ఒకటి చెప్పి, ఏదన్న ఒకటి చేసి పంపియ్యాలె." నేను ఎన్నో మోటార్లను అలాగే పంపాను. చెడిపోయింది వాళ్ళ స్టార్టరో, స్తంభం దగ్గరి ఫ్యూజో అయ్యుండేది. కొన్నిసార్లు ఏదీ అయ్యుండేది కాదు. ఇందులో పాపం ఉందని నాకెప్పుడూ తట్టలేదు.

ఆ రోజు కూడా అదే చేశాను. బాగున్న చుట్టలో పై పొరలు కొన్ని విప్పి, కొత్త తీగ అతికి, మళ్ళీ చుట్టాను. మధ్యలో ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. "లోపల తెగింది. అందుకే లావు తీగను అందుకుంటలేదు. ఇప్పుడు సెట్ చేసిన" అని రాశాను. చప్పట్ల బొమ్మలు పడ్డాయి. గుంటూరాయన "మీరు డాక్టరండీ బాబూ, ఇంజినీరు కాదు" అన్నాడు.

ఆ పికప్ బాగుందన్న ఒక్క మాట ఆయనకు చేరి ఉంటే, తీగ బాగుంది, బ్యాటరీ బాగుంది, పికప్ బాగుంది, మరి చెడింది ఏది అని వెతుక్కుంటూ ఆయన తన దాకా వచ్చేవాడు. ఆ దారిలో, అక్కడ లేని తప్పొకటి నేనే పెట్టి, దాన్ని నేనే బాగుచేశాను.

పికప్ బిగించుకున్నాక అన్న రాశాడు. "జర ఫరక్ ఉన్నది తమ్మీ." నా మనసు నొప్పించడం ఇష్టంలేక రాశాడని తరువాత తెలిసింది. ఒకటి రెండు రోజులు గడిచాక, "ఇప్పుడు హమ్మింగ్ గూడ షురూ అయింది" అన్నాడు.

హమ్మింగ్ అంటే ఆంప్ లోంచి ఆగకుండా వచ్చే గుయ్‌మనే శబ్దం. దానికి మా దగ్గర ఒకటే మందు, ఎర్తింగ్. అందరూ మళ్ళీ మీద పడ్డారు. ఇంటి వెనక ఎర్తు కడ్డీ దగ్గర తవ్వి ఉప్పు వేసి నీళ్ళు పొయ్యమన్నారు. ఆయన బిందెలతో పోశాడు. వేరే ప్లగ్గులో పెట్టమన్నారు. పెట్టాడు. ఫ్యాన్లు ఆపమన్నారు. ఆపాడు.

సాయంత్రం నేను దుకాణం ఎదుటి హోటల్లో చాయ్ తాగుతున్నాను. ఫోను మోగింది. అన్న రాసింది ఇది.

"ఆంప్ బంద్ చేసిన. ప్లగ్గు గూడ పీకిన. అయినా వస్తుంది."

నేను కరెంటు మనిషిని. ప్లగ్గు పీకిన పెట్టె గుయ్‌మనదని నాకు తెలిసినంత గట్టిగా ఆ గ్రూపులో ఎవరికీ తెలియదు. ఆ శబ్దం వైర్లలో లేదు. ఇంట్లో లేదు. ఇక ఎక్కడుందో తెలుసుకోవడానికి చదువు అక్కర్లేదు. నాకు తెలిసింది. చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టాను. "అన్నా, ఒకసారి చెవి" అని కొట్టాను కూడా. అంతలో హైదరాబాదు తమ్ముడు రాశాడు. "ఇంజినీర్ అన్నా, దీనికి ఏమంటవ్? ఇది నీ సిలబస్‌ల ఉన్నదా?" అందరూ నా కోసం ఎదురుచూస్తున్నారు. నేను కొట్టింది చెరిపేశాను.

"ప్లగ్గు పీకినా వస్తుందంటే అది హమ్మింగ్ కాదన్నా, దయ్యం. బేస్ నేర్చుకుంటందుకు వచ్చింది. మంచిగ నేర్పు."

గ్రూపంతా నవ్వు. దయ్యానికి నాలుగు తీగలది ఇవ్వాలా, ఐదు తీగలదా అని చర్చ మొదలైంది. తెల్లచీర మీద గిటార్ బెల్టు సరిగ్గా నిలవదని గుంటూరాయన అన్నాడు. అన్న కూడా నవ్వాడు.

"నాకు నేర్పుడు రాదు తమ్మీ. నీ తానకే పంపిస్త, నువ్వే నేర్పు."

ఆ తరువాత ఆయన నుంచి ఏమీ రాలేదు. చెరకు పని మీద ఉన్నాడనుకున్నాం. అనుకోవడం తేలిక. ఒక రోజు మధ్యాహ్నం, ఎవరో కొత్త ఆంప్ గురించి మాట్లాడుతుంటే మధ్యలో ఆయన మాట పడింది.

"చెవి పోయింది తమ్మీ, ఎడమది. కుడిది గూడ మునుపటి లెక్క లేదు. మడిల కండ్లు తిరిగి పడ్డ. నిజామాబాద్ దవాఖానల చూపిచ్చిన. మొదట్లనే రావాలె గద, అప్పుడైతే మందులు పనిచేస్తుండె అన్నడు డాక్టరు. ఇగ రాదంట. మోత గూడ పోదంట. బేస్ మంచిగనే ఉన్నది."

బేస్ మంచిగనే ఉన్నది అన్న మాటను మళ్ళీ చదివాను.

నేను షట్టరు సగం దించి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఆ మొదటి రోజు ఆయన పెట్టిన రికార్డు వెతికి తెరిచాను. లావు తీగ నిండుగా మోగుతోంది. అంత మంచి శబ్దం ఆ పాత బేస్‌కు ఎప్పుడూ రాలేదేమో. ఒకసారి మీటి ఆగాడు. మళ్ళీ మీటాడు. ఆ ఆగిన చోట ఒక ఆడమనిషి గొంతు, వాళ్ళ భాషలో ఆయన్ను పిలుస్తోంది. దగ్గరగానే ఉంది. జవాబు లేదు. మళ్ళీ పిలిచింది, ఇంకా దగ్గరికి వచ్చి. జవాబు లేదు. ఆయన తీగ మీటుతూనే ఉన్నాడు.

పక్కన నిలబడి పిలిచే భార్యకు ఆయన పలకలేదు. ఇది ఆ రికార్డులోనే ఉంది. షట్టరు ఎత్తే చెయ్యి దించి నేను విని ఉంటే సరిపోయేది.

అప్పటి నుంచి నాకొక అలవాటు పట్టుకుంది. మోటారు చుట్టడం అయ్యాక స్విచ్చు వేసి చూస్తాం. బాగా తిరిగితే ఆపేస్తాం. ఆపాక కూడా నేను అక్కడే నిలబడతాను, ఆ శబ్దం పూర్తిగా పోయిందో లేదో తేల్చుకుందామని. పోయింది అనుకుని అటు తిరుగుతాను. మళ్ళీ వినపడ్డట్టు ఉంటుంది. వెనక్కి వచ్చి మోటారు మీద చెయ్యి పెడతాను. చల్లగా, కదలకుండా ఉంటుంది. బీర్కూర్ రైతు ఒకాయన చూసి, "ఏంది పటేలా, నాడి చూస్తున్నవా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. మోటారు బాగానే ఉంటే బాగానే ఉందని చెప్పి పంపడం మొదలుపెట్టాను. కొందరు పక్క దుకాణానికి పోయారు.

గ్రూపు ఉంది. ఎవరైనా రికార్డు పెడితే మర్యాదగా, బాగుందని రాస్తారు. పాత మాట ఎవరూ రాయరు. రాయొద్దని ఎవరూ అనలేదు. కొత్తగా వచ్చినవాళ్ళు ఇది చాలా పద్ధతైన గ్రూపు అనుకుంటారు.

పెళ్ళిళ్ళ కాలం దగ్గరపడింది. అన్న వాయించే ఆర్కెస్ట్రా నడిపే మనిషి నాకూ పరిచయమే. ఒక మోటారు పని మీద వచ్చి, మాటల్లో చెప్పాడు. "పెద్దమనిషి ఒక చెవితోని గూడ వాయిస్త అంటుండు. నాకు గూడ ఆయన్నే పెట్టుకోవాలని ఉన్నది. కని స్టేజ్ మీద శ్రుతి తప్పితే ఎట్ల? చూసుకొని చెప్పమన్న. లేకుంటే వేరేటోన్ని చూసుకోవాలె." అన్న చూసుకుంటున్నాడట. అది విన్నాక ఆగలేకపోయాను. మర్నాడే బిచ్కుంద బస్సెక్కాను.

దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాను. మూడు తప్పులు. వినకుండా వినపడలేదన్నాను. బాగున్నదాన్ని చెడిందన్నాను. తెలిసి కూడా దయ్యమన్నాను.

తండాలో వాళ్ళ ఇంటి ముందు అన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను ఆయన ఇంకా చూడలేదు. వదిన గుమ్మంలోంచి బయటికి వచ్చి, చెంబుతో నీళ్ళిస్తూ అడిగింది.

"నువ్వేనా ఇంజినీరువు?"

"అవును వదినా."

"అందరు ఇనపడ్తలే అన్నరంట గద. మీకందరికి ఒక్కపారే చెవులు పోయినయా?"

కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది. అది ఇంకా కష్టంగా ఉంది. నేను నీళ్ళు తాగి చెంబు ఇచ్చాను. "కుడి దిక్కు కూసో. ఎడమ దిక్కు ఏం చెప్పినా ఇనపడదు" అని లోపలికి పోయింది.

నేను వెళ్ళి ఎడమ దిక్కున కూర్చున్నాను.

అన్న నన్ను చూసి సంతోషంగా భుజం మీద చెయ్యి వేశాడు. బస్సు దొరికిందా, వానలు ఎట్లున్నయ్ అని అడిగాడు. తరువాత ఇద్దరం చెరకు తోట వైపు చూస్తూ కూర్చున్నాం. అప్పుడు చెప్పాను. గొంతు పెంచకుండా, బస్సులో కూడబలుక్కున్నట్టే మొత్తం చెప్పాను. పికప్ సంగతి చెప్పాను, చాయ్ హోటల్ సంగతి చెప్పాను, కొట్టి చెరిపేసిన మాట చెప్పాను. ఆయన తోట వైపే చూస్తున్నాడు. నాకు గుండె తేలికైంది. ఆ తేలికే నన్ను పట్టించింది. ఏ దిక్కున కూర్చున్నానో నాకు తెలుసు. వదిన చెప్పిన మాట విని మరీ అక్కడ కూర్చున్నాను.

"ఏమన్న అన్నవా తమ్మీ?" అన్న తల తిప్పి అడిగాడు. నా పెదవులు కదలడం కంటి కొసన కనిపించి ఉంటుంది.

లేచాను. మంచం చుట్టూ తిరిగి కుడి దిక్కుకు వచ్చి కూర్చున్నాను. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఈసారి మాటలు వరుసగా రాలేదు. కొన్ని చోట్ల ఆగిపోయాను. అంతా అయ్యాక ఆయన అరికాలు రుద్దుకున్నాడు.

"ప్లగ్గు పీకినంక గూడ మోత వస్తుంటే నాకు బుగులైంది తమ్మీ. తెల్లారి దవాఖానకు పోదామని ఈమెకు చెప్పిన. అంగీ గూడ తీసి పెట్టింది. అంతల నువ్వు దయ్యమని రాసినవ్." ఆయన చిన్నగా నవ్వాడు. "మస్తు నవ్వొచ్చింది. ఇంజినీరుకే ఫికర్ లేకపాయె, నాకెందుకని పన్న. మంచిగ నిద్ర పట్టింది ఆ దినం. పొద్దుగాల అంగీ మళ్ళ లోపల పెట్టమన్న."

ఆయన నన్ను తిట్టలేదు. క్షమించాననీ అనలేదు. జరిగింది చెప్పాడు, అంతే. నా మాట విని ఒక మనిషి హాయిగా నిద్రపోయాడన్న సంగతి మీద నేను ఇవాళ్టికీ నిద్రపోలేకుండా ఉన్నాను.

కాసేపటికి ఆయనే లేచి బేస్, చిన్న ఆంప్ తెచ్చాడు. "వచ్చినవ్ గద, ఒక పని చెయ్యి. శ్రుతి చేస్త. ఫోన్ల ట్యూనర్ పెట్టి నువ్వు చూడు, నాకు చూపెట్టకు. నాకు తెలుస్తుందో లేదో ఇయ్యాల తేలాలె. రేపు ఆర్కెస్ట్రా ఆయనకు జవాబు చెప్తనన్న."

శ్రుతి కుదిరిందో లేదో ముల్లుతో చూపించే ఆ ట్యూనర్‌ను స్టేజీ మీద కూడా చూసుకోవచ్చు కదా అని నేననలేదు. తీగను శ్రుతి చేసే చెవి లేకపోతే, పాట నడుస్తుంటే వేలు ఎక్కడ పెట్టాలో ఏ యంత్రమూ చెప్పదు. ముఖ్యంగా ఆయనకు. అది మా ఇద్దరికీ తెలుసు.

పై మూడు తీగలూ సరిగ్గా వచ్చాయి, ఎక్కడా తేడా లేదు. లావు తీగను బాగా వదులు చేసి, మీటుతూ, మెల్లగా బిగించుకుంటూ వచ్చాడు. ఒకచోట ఆగాడు. కళ్ళు మూసుకుని ఉన్నాడు. ముఖం ప్రశాంతంగా ఉంది. నా చేతిలోని ఫోనులో ముల్లు ఉండాల్సిన చోటుకు ఇవతలే నిలబడిపోయింది.

"చూపెట్టకు, చెప్పకు. ఇంకోపారి చేస్త" అన్నాడు. మళ్ళీ వదులు చేసి, మళ్ళీ బిగించాడు. ముల్లు వచ్చి సరిగ్గా అక్కడే ఆగింది. మూడోసారీ అక్కడే.

చెవి పోయినవాడు ఒక్కోసారి ఒక్కో చోట ఆగాలి. ఈయన తప్పు చోటే అయినా వెంట్రుకవాసి తేడా లేకుండా ఆగుతున్నాడు. అప్పుడు అర్థమైంది. ఆయన శ్రుతి వెతకడం లేదు. చెవిలో ఆగకుండా మోగుతున్నదాని దాకా తీగను తెస్తున్నాడు. రెండూ కలిసిన చోట తీగ సరిపోయిందనుకుంటున్నాడు. అంటే ఆ వాకిట్లో ఇప్పుడు ఆంప్‌లోంచి వస్తున్నది ఆయన చెవిలో ఉన్నదే. పగలూ రాత్రీ ఆయన ఒక్కడే వింటున్నదాన్ని నేను వింటున్నాను. నిండైన శబ్దమే. కొంచెం కిందికి జారి, ఎక్కడా ఆధారం లేకుండా.

ఆయన కళ్ళు తెరిచాడు. "వచ్చింది గద?"

వదిన గుమ్మంలో నిలబడి నా ముఖమే చూస్తోంది. అవునని చెప్పడం ఎంత తేలికో నాకు తెలుసు. ఇలాంటి మాటలు నేను ఎన్ని చెప్పి ఉంటాను.

"రాలేదన్నా" అన్నాను. "ఇంక పైకి పోవాలె."

"మూడుపార్లూనా?"

"మూడుపార్లూ. ఒక్క తాననే ఆగినవ్."

ఆయన కాసేపు నా చేతిలోని ఫోను వైపు చూశాడు. అడిగితే చూపించేవాణ్ణే. అడగలేదు. అరచెయ్యి తీగ మీద ఆనించి ఆపాడు. ఆంప్ నిశ్శబ్దమైంది. తోటలో ఆకుల చప్పుడు వినపడింది నాకు. ఆయన తల కొద్దిగా ఎడమకు వంచి, ఇంకా వింటూనే ఉన్నాడు.